వసారా మీద పధ్నాలుగుమంది

మార్చి మొదటివారంలో జుంబెర్ బాబాయ్ మా ఇంటి లోగిలి వైపు గోడకు అయిదు గాజుపట్టీలు అతికించాడు. ఒక్కొక్కటి జానెడు పొడవు, అట్టముక్కంత పలచన. గోడలో పగులు పాకిన దారి వెంబడి, దానికి అడ్డంగా పెట్టి, రెండు కొసలూ జిప్సం ముద్దలో బిగించి, పక్కన పెన్సిలుతో తేదీ వేశాడు. ఆయన నలభై ఏళ్ళు వంతెనలు కట్టించి రిటైరైన ఇంజనీరు. భార్య పోయాక కింది అంతస్తులో కొళాయి పక్క గదుల్లో ఒక్కడే ఉంటున్నాడు.

"గోడని నమ్మకూడదమ్మాయ్. లోపల ఎంత కుళ్ళినా పైన సున్నం కప్పుకుని ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. గాజుకి ఆ నటన రాదు. గోడ వెంట్రుకవాసి కదిలిందా, చిట్లిపోతుంది," అన్నాడు నిచ్చెన దిగుతూ. "చిట్లిన రోజున కూర్చుని ఆలోచించకు. ముందు పైవాళ్ళని దింపు. తర్వాతే నాకు చెప్పు."

సరేనన్నాను. ఆ మాట నాకు ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

నా పేరు నెస్తాన్. బడిలో భూగోళం చెబుతాను. ఆరేళ్ళుగా సెలవురోజుల్లో జార్జియాలో మా తిబిలిసీ నగరపు సోలోలాకి పేటలో పాత ఇళ్ళు చూపించే నడకలు నడుపుతున్నాను. మా సంఘంలో తొమ్మిదిమందిమి. ఎవరో ఒకరు చెప్పకపోతే ఈ ఇళ్ళ కథలు ఇళ్ళతోపాటే పోతాయని మొదలుపెట్టిన పని ఇది. నిజం చెప్పాలంటే మాట్లాడుతుంటే పాతికమంది నోరు మూసుకుని వినడం కూడా నాకు బాగుండేది.

అన్ని నడకలూ మా ఇంటి దగ్గరే ముగిసేవి. లోపల లోగిలి, లోగిలికి మూడు వైపులా మేడ మీద చెక్క వసారా, పైకి వెళ్ళడానికి ఒకే ఒక్క ఇనుప మెలిక మెట్లు. మొత్తం ఏడు కుటుంబాలం. వసారా కుడి చివర గదుల్లో అరక్సియా పెద్దమ్మ ఉండేది. ఆర్మేనియన్ల ఆవిడ, ఎనభై రెండేళ్ళు. టోపీల కార్ఖానాలో ముప్ఫై ఏడేళ్ళు పనిచేసింది. కార్ఖానా మూతపడిన రోజున, టోపీలను ఆకారానికి సాగదీసే చెక్క తలలను పారేస్తుంటే, నలభై ఒక్కటి బండిలో వేయించుకుని తెచ్చుకుంది. గదిలోనూ, బయట వసారా గోడ పొడవునా అరల్లోనూ అవే. కళ్ళూ ముక్కూ లేని నున్నటి తలలు. మా పేటకు వచ్చినవాళ్ళు మిగతా ఇళ్ళన్నీ మర్చిపోయినా వాటిని మర్చిపోరు.

మా ఇంటి వెనక ఉన్న పాత ఇల్లు పడగొట్టి, హోటలు కోసం మూడు నిలువుల గొయ్యి తవ్వారు. ఏడాది తిరిగేసరికి మా గోడలో పగులు కనిపించింది. సరిగ్గా అరక్సియా పెద్దమ్మ గదుల దగ్గర, వసారా దూలాలు గోడలోకి దిగే చోట.

పగులు సంగతి బయటికి పొక్కకూడదని ఏడు కుటుంబాలమూ అనుకున్నాం. మా సందులో అప్పటికే మూడిళ్ళకు నివాసానికి పనికిరావన్న కాగితం అంటించారు. కాగితం పడిన నెలకు మనుషులు మెట్రో చివరి స్టేషను అవతలికి పోయారు. ఏడాదిలో ఇళ్ళూ పోయాయి. అదే, రక్షిత కట్టడాల జాబితాకు ఎక్కితే ముందు ఇనుప ఊతాలు పెడతారు, తర్వాత గోడ బాగుచేస్తారు. ఉన్నది ఒకటే పగులు. అది బయటపడేలోపే జాబితాకు ఎక్కుతామా అన్న దాని మీదే మా ఇల్లు ఉండటమో పోవటమో ఆధారపడి ఉంది.

ఏప్రిల్ చివరి శనివారం మా పేటలో తెరిచిన లోగిళ్ళ పండుగ. ఆ రోజు తలుపులన్నీ తీసి ఉంచుతారు, ఎవరైనా వచ్చి చూడవచ్చు. జాబితా నిర్ణయించే కమిషన్ వాళ్ళను ఆ రోజే రమ్మని నేనే ఉత్తరం రాశాను. ఖాళీ ఇంటిని కాదు, జనం ప్రేమగా చూస్తున్న ఇంటిని వాళ్ళు చూడాలి అనుకున్నాను. ఒంటిగంటకు వస్తామని జవాబు వచ్చింది. ఆ జవాబును అందరికీ చదివి వినిపించాను.

శుక్రవారం పగలంతా వాన కురిసింది. శనివారం తెల్లారేసరికి వెలిసింది. ఎనిమిదిన్నరకు లోగిలి ఊడ్చి, నిచ్చెన వేసుకుని గాజుపట్టీలు చూశాను. మొదటిది బాగుంది. రెండు, మూడు, నాలుగు బాగున్నాయి. అయిదోది అన్నింటికన్నా పైన, దూలానికి మూరెడు కింద ఉంది. అది రెండు ముక్కలై ఉంది.

పాత పగులేమో, జిప్సం ఎండి లాగిందేమో అని ముందు అనుకున్నాను. వేలితో తడిమాను. ముక్కల మధ్య ఖాళీలో నా గోరు పట్టింది. గబగబా దిగి బాబాయ్ తలుపు తట్టాను.

జుంబెర్ బాబాయ్ ఇంట్లో లేడు. కంటి డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళ్ళాడు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, స్విచాఫ్ వచ్చింది. పైన అరక్సియా పెద్దమ్మ కిటికీ తీసిన చప్పుడైంది. "పిల్లా, ఇవాళ నీలం టోపీ పెట్టుకోనా, ఎర్రదా?" అని అడిగింది.

ఆ క్షణంలో పైకి వెళ్ళి ఆమెను దింపి, గేటు మూసి, పండుగ లేదని రాసి అంటించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"నీలం," అన్నాను.

రెండు గాజుముక్కలనూ జిప్సంలోంచి ఊడబెరికి యాప్రాను జేబులో వేసుకున్నాను. మా అత్తగారి పాత తివాచీ ఒకటి లోగిలిలో అలంకారానికి కట్టాలని తీసి ఉంచాం. దాన్ని తెచ్చి, మేకులు కొట్టి, పగులు మీదుగా వేలాడదీశాను. మేకు మీద సుత్తి పడ్డప్పుడల్లా లోపలెక్కడో ఇసుక జారిన చప్పుడు వినిపించింది. చిన్న చప్పుడే. అయిదు గంటల పని, ఒంటిగంటకు కమిషన్ చూసి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత బాబాయ్‌కి చూపిస్తాను అని నాకు నేను చెప్పుకున్నాను. గోడ నూట ఇరవై ఏళ్ళు నిలబడింది, ఇంకో అయిదు గంటలు నిలబడలేదా అనుకున్నాను.

పదింటికి ఖతునా వచ్చింది. మా సంఘంలో నా తర్వాత ఆమే. మందుల షాపులో పనిచేస్తుంది, నోరు ఊరుకోదు.

"ఏంటే ఆ మొహం? పెళ్ళికూతురు పారిపోతే దాని తల్లి ఉన్నట్టున్నావ్," అంది.

"నిద్ర లేదు."

"తివాచీ మాత్రం అదిరింది. ఇంతకుముందు ఎందుకు తోచలేదే నీకు?"

మేకు దగ్గర తివాచీ మడత సర్దాను.

పదకొండింటికి మొదటి గుంపు వచ్చింది. పైకి పదిమందికి మించి ఎక్కించొద్దని జుంబెర్ బాబాయ్ ఎప్పుడూ చెబుతుంటాడు. ఆ రోజు ఎనిమిదిమందినే పంపించాను, వెనక నేను ఎక్కాను. అరక్సియా పెద్దమ్మ నీలం టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పాను. ఈ ఇల్లు కట్టిన పొగాకు వ్యాపారి, అద్దాల వసారా, ఒకప్పుడు ఇక్కడే ఆరబెట్టిన పట్టు దారాలు. నోరు దాని దారిన అది చెప్పుకుపోతోంది, చెవులు మాత్రం కాళ్ళ కింద ఉన్నాయి. ఎవరు అడుగు వేసినా ఆ అడుగు ఎక్కడ పడిందో నాకు తెలుస్తోంది. ఒకాయన ఫోటో కోసం వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నప్పుడు నా మాట మధ్యలో తెగిపోయింది.

"తర్వాతేమైంది?" అని అడిగాడాయన.

"దేనికి?"

"పొగాకు వ్యాపారికి."

"పోయాడు," అన్నాను. అందరూ నవ్వారు.

వాళ్ళు దిగాక లోగిలిలో ఫోటోలు తీసుకున్నారు. అందరూ తివాచీ ముందే నిలబడ్డారు.

రెండో గుంపు ఎక్కినప్పుడు అరక్సియా పెద్దమ్మ గది తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు ఎన్నడూ బిగుసుకోలేదు. లోపలి నుంచి ఆమె లాగింది, బయటి నుంచి నేను భుజంతో తోశాను. పైమూల చౌకట్టుకు రాసుకుని కర్రుమని తెరుచుకుంది.

"వానకి చెక్క ఉబ్బింది," అంది పెద్దమ్మ.

తల ఎత్తి చూశాను. చౌకట్టు నలుచదరంగా లేదు. ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒకావిడ భుజం మీద పడ్డ తెల్లటి పొడిని దులుపుకుంటూ, "పాత ఇల్లంటే ఇలాగే ఉండాలి, వాసన చూడండి," అంటోంది.

ఇక ఎవరినీ పైకి పంపకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. కానీ అసలు కారణం మాత్రం చెప్పలేకపోయాను. దిగి ఖతునాతో, "పెద్దమ్మకి నలతగా ఉంది. ఇవాళ్టికి పైకి వద్దు. అందరికీ కింది నుంచే చూపిద్దాం," అన్నాను.

"కమిషన్ వాళ్ళకి కూడానా?"

"వాళ్ళకీ అంతే."

ఖతునా ఏదో చెప్పబోయి ఆగింది. మళ్ళీ జుంబెర్ బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఈసారి మోగింది. "కళ్ళలో చుక్కలేశారమ్మాయ్, ఏదీ కనబడ్డంలేదు. బస్సులో వస్తున్నా," అన్నాడు. నా చుట్టూ జనం ఉన్నారు. "తొందరగా రా బాబాయ్," అని మాత్రం అన్నాను. "ఏం, పండగలో నేను లేక బోసిపోయిందా?" అని నవ్వి పెట్టేశాడు.

ఒంటిగంటకు కమిషన్ వాళ్ళు ముగ్గురు వచ్చారు. పెద్దాయన పేరు మెరాబ్. సన్నగా, జుట్టు నెరిసి, తక్కువ మాట్లాడే మనిషి. నేను ఆయనను గేటు దగ్గరే నిలబెట్టి వీధి గోడ మీది చెక్కడాలు చూపిస్తుండగా లోపల గోల వినిపించింది. నల్లటి చోఖాలు, మోకాళ్ళ దాకా వచ్చే మా పాతకాలపు కోట్లు, వేసుకున్న ఆరుగురు మగవాళ్ళు లోగిలిలో ఉన్నారు. పాటగాళ్ళు. అందరూ బాగా ఒళ్ళున్నవాళ్ళే.

"నీకు చెప్పలేదు కదూ," అంది ఖతునా నా చెవిలో. "కమిషన్ వాళ్ళు రాగానే వసారా మీంచి పాడిద్దామని మాట్లాడా. పెద్దమ్మకి నలతగా ఉందని చెప్పా, కానీ..."

పైనుంచి అరక్సియా పెద్దమ్మ వంగి చూస్తోంది. "నాకు నలతేంటే? ఎవరా మాటన్నది? పొద్దున్నించీ గుర్రంలా ఉన్నా," అని కేక వేసింది. "రండి నాయనా, పైకి రండి. మగ గొంతులు విని ఎన్నాళ్ళయిందో."

పాటగాళ్ళ నాయకుడు, మీసాల పెద్దాయన, మెట్ల మీద కాలు పెట్టాడు. ఆయన వెనక అయిదుగురు. నేను ముందుకు నడిచేలోపే మెరాబ్ గారు, "మేమూ పైనుంచే వింటాం," అంటూ ఎక్కారు. ఆయన వెంట మిగతా ఇద్దరు, వాళ్ళ వెనక ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు మరో అయిదుగురు. లెక్క నా తలలో దానంతట అదే నడుస్తోంది. పధ్నాలుగు. అరక్సియా పెద్దమ్మ కాక, నేను కాక.

నేనెందుకు ఎక్కానో నాకు ఇప్పటికీ తెలియదు. కింద నిలబడి తల ఎత్తి చూసే ధైర్యం లేక ఎక్కాననుకుంటాను.

వసారా మీద మనిషికీ మనిషికీ మధ్య సందు లేదు. పాటగాళ్ళు గోడవారగా వరస కడుతున్నారు. వాళ్ళలో ఒకాయన అరలోంచి ఒక చెక్క తలను తీసి చేత్తో తూచి, "దీన్లో మా ఆవిడ తలకన్నా ఎక్కువ సరుకుంది," అని నవ్వుతూ చోటు లేక నేల మీద పడుకోబెట్టాడు.

ఆ తల కదిలింది.

చాలా నెమ్మదిగా దొర్లింది. మామూలుగా వాననీళ్ళు లోగిలిలోకి జారడానికి ఆ నేల బయటికి వాలి ఉంటుంది. చిన్నప్పుడు మా ఆడపడుచు బంతి ఎన్నిసార్లు వసారా అంచు కమ్మీ సందులోంచి కింద పడిందో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తల మాత్రం కమ్మీ వైపు వెళ్ళలేదు. గోడ వైపు దొర్లి, గోడకు తగిలి, ఆగింది.

దూలాలు గోడలోంచి జారి కిందికి దిగుతున్నాయి. మేము నిలబడ్డ నేల గోడ వైపు కుంగిపోయింది.

అరవబోయి నోరు గట్టిగా మూసుకున్నాను. అరిస్తే పరుగెత్తుతారు. పధ్నాలుగుమంది ఒక్కసారిగా మెట్ల వైపు పరుగెత్తితే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరు కానక్కర్లేదు. మనుషుల మధ్యలోంచి జరిగి మెరాబ్ గారి పక్కకు వెళ్ళాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"దూలాలు గోడలోంచి ఊడొస్తున్నాయండి," అన్నాను ఆయనకు మాత్రమే వినపడేలా. "పొద్దున గాజుపట్టీ చిట్లింది. నేను దాచేశాను."

ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత గోడవార ఆగిన తలను చూశారు.

"పెద్దాయనా, కింద పాడండి," అన్నారు గొంతు పెంచి, మామూలుగా. "లోగిలి మధ్యలో నిలబడితే గొంతు నాలుగు గోడలకీ తగులుతుంది."

"లేదండీ, పైనుంచైతేనే పరుచుకుంటుంది," అన్నాడు మీసాల పెద్దాయన. "ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్నా."

"ఇవాళ్టికి నా మాట వినండి. ఒక్కొక్కరే దిగండి, ఆ మెట్లు ఇద్దర్ని మొయ్యలేవు."

ఆయన గొణుక్కుంటూనే కదిలాడు. అప్పుడే కింద నుంచి జుంబెర్ బాబాయ్ గొంతు వినిపించింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని లోగిలిలోకి వచ్చాడు. తివాచీని చూసి, ఇదేమిటన్నట్టు దగ్గరికి నడిచి, ఒక చేత్తో దాని అంచు ఎత్తాడు. ఇంకో చేత్తో గోడను తడిమాడు. మూలనున్న నిచ్చెన వేసుకుని, పగులు వెంట తడుముతూ పైకెక్కి, గాజు ఉండాల్సిన చోట ఆగాడు.

ఆయన తల ఎత్తాడు. కళ్ళద్దాల వెనక ఏముందో నాకు కనబడలేదు.

"నెస్తాన్," అన్నాడు నింపాదిగా. "పైన ఎంతమంది?"

"పధ్నాలుగు."

"గోడ పక్కకి ఎవర్నీ పోనీకు. కమ్మీ వారగా నడిపించు, స్తంభాలు అటే ఉన్నాయి. తొందరపెట్టకు."

మనుషులకు భయం వేస్తే గోడ వైపే వెళ్ళబుద్ధవుతుంది. కమ్మీ అవతల కింద నేల కనబడుతుంది మరి. ఒక్కొక్కరినీ భుజం పట్టి కమ్మీ వైపు తిప్పాను. "ఇటు రండి, ఇటు, చూసుకుని" అంటూ పలికిన గొంతు నాది కానట్టుంది. మెట్లు తిరుగుతూ దిగాలి, ఒక్కొక్కరికీ అరనిమిషం. పధ్నాలుగు. పదమూడు. పన్నెండు. కాళ్ళ కింద చెక్క ఏదో నములుతున్నట్టు చప్పుడు చేస్తోంది. ఇప్పుడది అందరికీ వినబడుతోంది. తొమ్మిదో మనిషి కాలు జారి మెట్ల మీద చతికిలబడ్డాడు. లేచి మళ్ళీ దిగేవరకు వెనకవాణ్ణి ఆపి ఉంచాను. మీసాల పెద్దాయన తన మనుషులందరినీ ముందు పంపి తాను చివర నిలబడ్డాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంటాను.

ఆయన దిగాక మెరాబ్ గారు, "మీరు కూడా," అన్నారు.

"పెద్దమ్మ లోపలుంది. మీరు వెళ్ళండి, బరువు తగ్గాలి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి దిగారు.

అరక్సియా పెద్దమ్మ గది మధ్యలో కుర్చీలో కూర్చుని ఉంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు అన్నీ వినబడ్డాయి.

"లే పెద్దమ్మా, కిందకి పోదాం."

"పోతే మళ్ళీ ఎక్కనిస్తారా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను, రాలేదు. "ఎక్కనివ్వరు," అన్నాను.

ఆమె గది అంతా ఒకసారి చూసింది. ఎక్కడో గోడలో ఇటుక పగిలినట్టు టప్పుమంది. అరల్లో తలలు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి.

"నీకెప్పుడు తెలుసు?" అంది.

"పొద్దున్నే."

"నన్ను టోపీ రంగు అడగనిచ్చావే, అప్పుడా?"

తల ఊపాను.

"తెలిసీ ఇంతమందిని నా గుమ్మంలోకి పంపావా?"

చెయ్యి చాచాను. ఆమె నా చెయ్యి అందుకోలేదు. "జుంబెర్ ఉన్నాడా కింద? వాణ్ణి పిలవమను. నీ మాట మీద నేను దిగను," అంది.

కమ్మీ దగ్గరికి వెళ్ళి చెప్పాను. జుంబెర్ బాబాయ్ మెట్ల కిందికి వచ్చి నిలబడ్డాడు. "అరక్సియా, దిగొచ్చెయ్. నాకివాళ కళ్ళు కనబడవు, నువ్వు కింద పడితే పట్టుకోలేను. నడిచే రా," అన్నాడు. అది విని ఆమె లేచింది. బూట్లు వేసుకుంది. తాళ్ళు కట్టుకోవడానికి ఆమె వేళ్ళు సహకరించలేదు, వంగి నేను కట్టాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఆ ముడులు వేయడానికి పట్టిన సమయమంత పొడుగు సమయం నా జన్మలో ఎరగను. తర్వాత కమ్మీ వారగా, నా చేతికి అందనంత దూరంలో, ఆమె ముందు నడిచింది. మెట్లు దిగింది. నేను చివరిదాన్ని.

అందరినీ వీధిలోకి పంపి గేటు మూశారు. మెరాబ్ గారు అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చి చూసి, మిగిలిన కుటుంబాలను బయటికి పంపి, ఊతాలు తేవడానికి వెళ్ళారు. రెండయింది, మూడయింది. ఇల్లు అలాగే నిలబడి ఉంది. ఎండ కాసింది. సందు చివర నుంచి ఎవరో రొట్టెలూ జున్నూ తెచ్చి పంచారు. జనం మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు.

"ఏమీ కాలేదుగా. ఇంకో గంట ఓపిక పడితే కమిషన్ చూసి వెళ్ళిపోయేది," అంది ఖతునా. ఆమెకు గాజు సంగతి అప్పటికి తెలియదు. "నీ భయంతో ఇంటికి నువ్వే కాగితం అంటించావే."

నాలుగు దాటి పది నిమిషాలకు పెద్ద బట్ట చింపినట్టు చప్పుడు వినిపించింది. తర్వాత ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత గేటు మీదుగా దుమ్ము లేచి సందంతా కమ్మేసింది. పక్కన ఎవరున్నారో కనబడలేదు. దుమ్ములో ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. ఖతునా. పట్టు బిగుస్తూ పోయింది.

దుమ్ము అణిగాక చూస్తే కుడివైపు వసారా మొత్తం, అరక్సియా పెద్దమ్మ గదుల ముందు గోడతో సహా, లోగిలిలో కుప్పగా పడి ఉంది. పొద్దున జనం ఫోటోలు తీసుకున్న చోట నిలువెత్తు ఇటుకలు. నేను సందు గోడకు ఆనుకుని కూలబడ్డాను. అక్కడే, అందరి ముందే, జేబులోంచి గాజుముక్కలు తీసి ఖతునా చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆమె అంతా విని, ముక్కలను గట్టు మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఎవరికీ గీత కూడా పడలేదు. అందరూ నాకు అదే చెబుతారు, ధైర్యం చెప్పడానికి. వీధి వైపు సగం ఇల్లు నిలిచింది. మెరాబ్ గారి నివేదికతో ఆ సగం జాబితాకు ఎక్కింది, ఇనుప ఊతాలు వచ్చాయి. ఆ నివేదికలో నేను చేసిన పని కూడా ఉంది. రాయమని నేనే అడిగాను. సంఘం నన్ను నడకల నుంచి తప్పించింది, నేను ఎదురు చెప్పలేదు. బడిలో రెండో అంతస్తులో పాఠం చెబుతున్నప్పుడు పిల్లలందరూ ఒక్కసారి లేచి నిలబడితే నాకు ఊపిరి అందదు. వాళ్ళను ఒక్కొక్కరే లేవమంటాను. పిల్లలు నవ్వుకుంటారు.

అరక్సియా పెద్దమ్మకు ఊరి చివర తొమ్మిదో అంతస్తులో ఇల్లు ఇచ్చారు. మేలో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ గొలుసు తీయకుండా తలుపు సందులోంచి నేను తెచ్చిన అక్రోటు మురబ్బా అందుకుని తలుపు వేసేసింది. జూన్ ఆఖరున మూడోసారి వెళ్తే గొలుసు తీసింది. కూర్చోమంది. బాల్కనీ తలుపుకు అడ్డంగా బీరువా పెట్టి ఉంది. ఇద్దరం దానికి దూరంగా కూర్చున్నాం.

"ఆ రోజు రెండో గుంపులో పసుప్పచ్చ గౌనమ్మాయి, గుర్తుందా?" అంది.

"లేదు పెద్దమ్మా."

"కడుపుతో ఉంది. ఏడో నెల. కాళ్ళు లాగుతున్నాయంటే కుర్చీ వేశాను, గోడవారగా. పావుగంట కూర్చుంది."

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఎంత వెతికినా ఆ ముఖం దొరకలేదు. ఆ పావుగంటలో నేను తలుపు చౌకట్టు చూస్తున్నాను.

"నాకు ఇల్లు పడ్డట్టు కల రాదు," అంది పెద్దమ్మ. "ఆ పిల్ల కుర్చీలోంచి లేవనట్టు వస్తుంది. లేవమ్మా అంటే నవ్వుతుంది, లేవదు."

లేచి స్వెట్టరు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. మరో చేత్తో బల్ల మీంచి చిన్న తెల్లటి ఉన్ని టోపీ తీసుకుంది, పిడికిలిలో పట్టేంతది.

"బిడ్డ పుట్టాక కబురు చెయ్యమని నంబరిచ్చింది, టోపీ కుట్టి ఇస్తానంటే. కుట్టాను. ఫోన్ నువ్వు చెయ్యి."

"నేనా?"

"టోపీ సంగతి నేను చెప్పుకుంటాలే. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు."

నంబరు నొక్కడానికి రెండుసార్లు తప్పాను. నాలుగుసార్లు మోగాక, "అలో," అంది ఒక ఆడగొంతు, నిద్రమత్తుగా. అరక్సియా పెద్దమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది.

"నా పేరు నెస్తాన్," అన్నాను. "ఏప్రిల్లో మా ఇల్లు చూడ్డానికి వచ్చారు మీరు. మీకొక సంగతి చెప్పాలి."